బడికి అర పేజీ ఉత్తరం

ముందు పిల్లాడి నోటు పుస్తకం తీయండి. మార్కులు వదిలేసి కాగితం చూడండి. ఒక పేజీలో ఒకే పదం రాసి, చెరిపి, మళ్లీ రాసి, మళ్లీ చెరిపి, అక్కడ కాగితం పలచబడి చిల్లు పడి ఉంటుంది. తర్వాతి పేజీలో నోట్సు సగంలో ఆగిపోయి ఉంటుంది. బోర్డు తుడిచేసరికి వాడింకా రెండో లైను దగ్గరే ఉన్నాడు. ఇంకో పేజీలో హోంవర్కు రాసుకోవడమే మరిచిపోయాడు. చిల్లు పెట్టింది ఓసీడీ. మరపు ఏడీహెచ్‌డీది. సగంలో ఆగిన నోట్సులో రెండింటికీ వాటా ఉంది. ఎర్ర సిరాతో టీచరు కింద రాసే మాట మాత్రం అన్నిటికీ ఒకటే: "నిర్లక్ష్యం."

ఆ మాటను బడి చేత ఎలా మార్పించాలన్నదే ఈ అధ్యాయం. ప్రతి అంతస్తులో ఒక కౌన్సెలర్ ఉండే హైదరాబాదు స్కూళ్లు ఇక్కడ నా లెక్కలో లేవు. వాడపల్లిలోనో దామరచర్లలోనో పొద్దున్నే బస్సెక్కి మిర్యాలగూడ పోయే పిల్లలు, కోదాడలో, సూర్యాపేటలో యాభై మంది ఉన్న సెక్షన్‌లో కూర్చునే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు నా ఎదుట ఉన్నారు.

వాడపల్లి నరసింహస్వామి గర్భగుడిలో రెండు దీపాలుంటాయి. స్వామి ముఖానికి సమంగా ఉన్నది ఊగుతూ ఉంటుంది, కింద ఉన్నది నిశ్చలంగా ఉంటుంది. ఊగేది స్వామి శ్వాస వల్లనే అని చెప్పుకుంటారు. మన పిల్లాడిలో ఆ రెండూ ఉన్నాయి. ఏడీహెచ్‌డీ మనసును ఒక్కచోట నిలవనివ్వదు. ఓసీడీ ఒక్కచోట పట్టుకుని కదలనివ్వదు. తప్పు చేయించేది మొదటిది, ఆ తప్పు పట్టుకుని గంటసేపు వేధించేది రెండోది. అందుకే ఈ రెండూ కలిసిన పిల్లల గురించి బడితో మాట్లాడటం ఏదో ఒకటి మాత్రమే ఉన్న పిల్లల గురించి మాట్లాడినంత సులువు కాదు. ఒకదానికి మేలు చేసే సౌకర్యం రెండోదాన్ని పెంచి పోషించే ప్రమాదం ఉంది. ఆ సంగతి తర్వాత వివరంగా చెబుతాను.

మన ఇళ్లలో ఓసీడీ చాలాకాలం దాక్కుంటుంది. పదేపదే చేతులు కడిగితే "మా అమ్మ మడి వీడికొచ్చింది" అని నవ్వుకుంటాం. పుస్తకాలు వరసగా లేకపోతే ఏడిస్తే శుభ్రత అని మెచ్చుకుంటాం. దేవుడి పటం ముందు చెడ్డ ఆలోచన వచ్చిందని పిల్ల మనసులోనే నూటొక్కసారి క్షమాపణ చెప్పుకుంటుంటే మనకు కనిపించేది కిటికీలోంచి చూస్తూ కూర్చున్న పిల్ల. టీచరుకూ అంతే. పైకి శ్రద్ధ లేనట్టు కనిపించేదంతా ఏడీహెచ్‌డీ కాదు, ఓసీడీ లోపల అంత పని పెట్టి ఉండొచ్చు. ఆడపిల్లల్లో ఏడీహెచ్‌డీ అల్లరిగా బయటపడకుండా పరధ్యానంగానే ఉండిపోవడం ఎక్కువ, అందుకే ఆలస్యంగా తెలుస్తుంది. జాన్‌పహాడ్ సైదులు దర్గాకు తీసుకెళ్లారా, తీసుకెళ్లండి. తాయెత్తు కట్టించారా, ఉండనివ్వండి. డాక్టరు దగ్గరికి పోవడం మాత్రం వాయిదా వేయకండి. బడి మీ మాటను వినాలంటే చేతిలో ఒక కాగితం కావాలి, దాన్ని ఇచ్చేది డాక్టరే.

ఎక్కడికి పోవాలి? నల్లగొండలో, సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. వాటి ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగం చూపించుకోండి. మేధో సామర్థ్యం, చదువులో ఇబ్బంది వంటి పరీక్షలు వివరంగా చేయించాల్సి వస్తే సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో జాతీయ సంస్థ ఉంది, పేరు ఎన్ఐఈపీఐడీ. ప్రైవేటుగా చూపించుకుంటే సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. అడిగితే తప్పేం లేదు, లేనివాళ్లు రాసిచ్చిన రిపోర్టు రేపు పరీక్షల బోర్డు దగ్గర చెల్లకపోవచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

డాక్టరు దగ్గరికి వట్టి చేతులతో పోకండి. రెండు వారాలు ఒక చిన్న పుస్తకంలో రాయండి. హోంవర్కుకు ఎంతసేపు పట్టింది, అందులో రాసినదెంతసేపు, చెరిపిందెంతసేపు. స్నానాల గదిలో ఎంతసేపు. "కరెక్టేనా అమ్మా?" అని ఎన్నిసార్లు అడిగాడు. ఏ వస్తువులు బడిలో మరిచొచ్చాడు. ఏడీహెచ్‌డీ అని తేల్చాలంటే లక్షణాలు ఇంట్లోనూ బడిలోనూ రెండుచోట్లా కనిపించాలి, పన్నెండేళ్లలోపే మొదలై ఉండాలి. అందుకే డాక్టరు ఒక ప్రశ్నల పట్టిక టీచరు చేత నింపించుకు రమ్మంటారు. ఆ పట్టిక మీకు అనుకోకుండా దొరికిన అవకాశం. టీచరు ఒక్కసారి కూర్చుని నలభై ప్రశ్నలకు జవాబు రాస్తే, ఆ పిల్లాణ్ణి అప్పటిదాకా చూసిన చూపు కొంత మారుతుంది.

తిరిగి వచ్చేటప్పుడు జబ్బు పేరు, మందుల చీటీ మాత్రమే తీసుకుని రావడం చాలామంది చేసే పని. బడికి ఆ చీటీ ఎందుకూ కొరగాదు. డాక్టరును ఇలా అడగండి: "సార్, బడిలో వీడికి ఏ పని కష్టమవుతుందో, దానికి ఏం చేయాలో రెండు మూడు వాక్యాలు లెటర్‌హెడ్ మీద రాయండి." మందుల వివరాలు, ఇంటి గొడవలు అందులో ఉండనక్కర్లేదు. పిల్లాడి ఆరోగ్య వివరాలు ఎవరికి ఎంత చెప్పాలో నిర్ణయించేది మీరు. ముఖ్యంగా ఆడపిల్లల తల్లిదండ్రులు "రేపు సంబంధాలు వచ్చినప్పుడు ఈ కాగితం అడ్డం పడుతుందేమో" అని భయపడి అసలే చెప్పరు. ఆ భయాన్ని నేను తేలిక చేయను. ప్రిన్సిపాల్‌కు, క్లాస్ టీచరుకు తప్ప ఇంకెవరికీ చూపొద్దని ఉత్తరంలోనే రాయొచ్చు. ఏమీ చెప్పకపోతే మాత్రం పిల్ల మీద పడే ముద్ర బద్ధకమనో, పొగరనో, మొద్దు అనో ఉంటుంది. ఆ ముద్రలు కాగితం మీద ఉండవు కాబట్టి చెరపడం ఇంకా కష్టం.

ఇప్పుడు చట్టం. డాలస్‌లో ఉండే మీ అన్నయ్య కొడుక్కి ఇదే ఇబ్బంది ఉంటే అక్కడి బడి "504 ప్లాన్" అని ఒక కాగితం రాసిస్తుంది. 1973లో వచ్చిన చట్టంలోని సెక్షన్ నంబరు అది. మనకు అలా పేరున్న ఫారం ఏదీ ప్రైవేటు స్కూలు కౌంటర్‌లో దొరకదు. హక్కు మాత్రం ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. దాని 16వ సెక్షన్ ప్రభుత్వ బడులతో ఆగలేదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి బడి గురించీ మాట్లాడుతుంది. పిల్లల అవసరాన్ని బట్టి తగిన సౌకర్యం కల్పించాలంటుంది. 17వ సెక్షన్ పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో, మూడో భాషల మినహాయింపు వంటివాటిని పేరు పెట్టి చెబుతుంది.

ఒక చిక్కుంది, దాచడం ఎందుకు. ఆ చట్టం చివర ఉన్న 21 వైకల్యాల జాబితాలో ఏడీహెచ్‌డీ అనే పేరు విడిగా లేదు. ఓసీడీ తీవ్రంగా ఉంటే మానసిక అనారోగ్యం కింద లెక్కకు వస్తుంది. ఏడీహెచ్‌డీతో పాటు చదవడం, రాయడం, లెక్కల్లో ప్రత్యేక అభ్యసన వైకల్యం కూడా ఉండటం మామూలే, అది జాబితాలో ఉంది. కాబట్టి పరీక్ష చేయించేటప్పుడు దాని గురించీ అడగండి. వైకల్య శాతం తేల్చే సదరం క్యాంపుకు పోయినవాళ్లు "నలభై శాతం రాలేదు, ఇక ఏమీ రాదు" అని నిరాశగా తిరిగొస్తారు. అది సగం నిజం. పింఛను, రిజర్వేషన్ వంటి వాటికి నలభై శాతం కావాలి. తగిన సౌకర్యం అడగడానికి అది గడప కాదు. వికాస్ కుమార్ అనే ఎంబీబీఎస్ పట్టభద్రుడికి రాసేటప్పుడు చేయి బిగుసుకుపోయే ఇబ్బంది ఉంది. నలభై శాతం లేదని సివిల్స్ పరీక్షలో ఆయనకు స్క్రైబును, అంటే రాసిపెట్టే మనిషిని, ఇవ్వలేదు. 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. సౌకర్యం మనిషి అవసరాన్ని బట్టి ఉండాలని, శాతం లేదని తలుపు వేయకూడదని ఆ తీర్పు సారం. ఆ తేదీని మీ ఫైలులో రాసి పెట్టుకోండి. ఎప్పుడు పనికొస్తుందో చెప్పలేం.

చట్టం తెలిసింది కదా అని మొదటి రోజే దాన్ని బల్ల మీద కొట్టకండి. మిర్యాలగూడ పెద్ద ఊరే గానీ, మీకు బస్సు దొరికే మంచి బడులు రెండో మూడో. అదే కరస్పాండెంట్ గారితో మరో ఐదేళ్లు నడవాలి. ఉత్తరంలో చట్టం పేరు ఒక్కసారి వస్తే చాలు. ఇలా:

"గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి నమస్కారం. మా అబ్బాయి మీ బడిలో ఆరో తరగతి బి సెక్షన్‌లో చదువుతున్నాడు. వాడికి ఓసీడీ, ఏడీహెచ్‌డీ ఉన్నాయని డాక్టరుగారు నిర్ధారించారు, చికిత్స జరుగుతోంది, వారి ఉత్తరం జత చేశాం. రాసిందే చెరిపి రాయడం వల్ల, బోర్డు మీదిది సమయానికి ఎక్కించుకోలేకపోవడం వల్ల వెనకబడుతున్నాడు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 16వ సెక్షన్ మేరకు ఈ మూడు ఏర్పాట్లు చేయమని కోరుతున్నాం. పెన్సిలు, రబ్బరు బదులు పెన్నుతో రాయనివ్వాలి, తప్పయితే ఒక్క గీత కొట్టి ముందుకు పోవాలి. మిగిలిపోయిన నోట్సు తోటి విద్యార్థి పుస్తకం నుంచి జిరాక్సు తీసుకోనివ్వాలి. స్లిప్ టెస్టు పేపరును రెండు ముక్కలుగా ఇచ్చి, మొదటిది అయిన వెంటనే తీసేసుకోవాలి. ఆరు వారాల తర్వాత ఇవి పనిచేస్తున్నాయో లేదో మీ వీలు చూసుకుని కూర్చుని మాట్లాడుకుందాం."

అర పేజీ దాటలేదు. మూడు కోరికలే. పన్నెండు రాస్తే ఒక్కటీ జరగదు. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ఆఫీసులో ముద్ర వేయించుకుని సంతకం, తేదీ తీసుకోండి. అడగడానికి మొహమాటంగా ఉంటే "మా ఫైలు కోసం మేడం" అంటే చాలు.

ఆ మూడూ ఎందుకు అడిగానో, ఇంకేవి ఎందుకు అడగలేదో చెప్పాలి. అసలు ఈ అధ్యాయంలో నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది ఇదే. సౌకర్యం పిల్లాడికి అందాలి, జబ్బుకు అందకూడదు. అందరికీ మొదట తట్టేది అదనపు సమయం. ఏడీహెచ్‌డీ ఒక్కటే ఉన్న పిల్లాడికి అది మేలు. ఓసీడీ ఉన్న పిల్లాడికి అరగంట ఎక్కువిస్తే, ఆ అరగంటా రాసిన జవాబుల్ని మళ్లీ మళ్లీ సరిచూడటానికే పోతుంది, పేపరు చేతికిచ్చేసరికి ఇంకా అలిసిపోతాడు. అందుకే అదనపు సమయం బదులు పేపరును ముక్కలు చేయమన్నాను. మొదటి ముక్క చేతిలో లేకపోతే దాన్ని మళ్లీ చూడలేడు. రబ్బరు లేకపోవడం వాడికి మొదట్లో నరకంగా ఉంటుంది. కాబట్టి ఇది డాక్టరు లేదా సైకాలజిస్టుతో మాట్లాడుకుని, వాళ్లు చేయిస్తున్న చికిత్సతో కలిపి మొదలుపెట్టాలి. భయం పుట్టించే పనిని కొంచెం కొంచెంగా ఎదుర్కొనేలా చేసి, దాని తర్వాత చేసే తంతును ఆపించడమే ఓసీడీ చికిత్సలో ముఖ్యమైన పద్ధతి. బడిలో చేసే ఏర్పాటు ఆ చికిత్సకు ఎదురు నడవకూడదు.

చేతులు కడుక్కోవడానికి ఎప్పుడంటే అప్పుడు వదిలేయమని అడిగే తల్లులున్నారు. ప్రేమతోనే అడుగుతారు. ఆ అనుమతి ఇచ్చిన బడిలో పిల్ల రోజంతా నల్లా దగ్గరే ఉంటుంది. దానికి బదులు రోజుకు ఇన్నిసార్లు అని సైకాలజిస్టుతో కలిసి ఒక సంఖ్య పెట్టి, దాన్ని నెలకొకసారి తగ్గించండి. టీచరు దగ్గర అడిగి అందరిముందు సిగ్గుపడకుండా ఒక చిన్న కార్డు బల్ల మీద పెట్టి వెళ్లేలా ఉంటే బాగుంటుంది. "మేడం, కరెక్టేనా?" అన్న ప్రశ్నకూ ఇదే లెక్క. ప్రతిసారీ కరెక్టే అని చెబితే ఆ ప్రశ్న పెరుగుతుంది. కోపపడితే భయం పెరుగుతుంది. "ఒకసారి చెప్పాను కదా, ఇక నువ్వే చూసుకో" అని మెల్లగా చెప్పి పక్కకు పోవడం టీచరుకు నేర్పాలి. ఇంట్లో మీరు, నానమ్మ, అన్న కూడా అదే మాట అంటేనే అది పనిచేస్తుంది.

ఏడీహెచ్‌డీ కోసం చేసే ఏర్పాట్లు తగ్గించనక్కర్లేదు, ఏడాదంతా ఉండొచ్చు. తలుపుకు, కిటికీకి దూరంగా రెండో వరుసలో సీటు. హోంవర్కు డైరీలో రాసుకున్నాడో లేదో సాయంత్రం ఒక్కసారి చూడటం. పుస్తకాలు పంచడం, స్టాఫ్ రూముకు రిజిస్టరు తీసుకుపోవడం వంటి పనులు వాడికే చెప్పడం, దాంతో లేచి తిరగడం అల్లరి కాక పని అవుతుంది. ఆటల పీరియడ్ కోసి "నోట్సు పూర్తి చెయ్" అనే శిక్షను మాత్రం గట్టిగా వద్దనండి. కదలాల్సిన పిల్లాడి దగ్గర కదిలే అరగంట లాక్కుంటే మిగిలిన పీరియడ్లు టీచర్లకే కష్టం. ఇంట్లో హోంవర్కుకు ఒక గడువు పెట్టి, గడువు కాగానే పుస్తకం మూసి "ఇంతవరకే చేయించాం" అని మీరు సంతకం పెట్టే ఒప్పందం చేసుకోండి. రాత్రి పదకొండు దాకా ఏడుస్తూ రాసిన హోంవర్కు ఎవరికీ పనికిరాదు.

మాట్లాడటానికి ఇద్దరూ వెళ్లండి. తండ్రి మాట వింటారని తండ్రిని మాత్రమే పంపడం, రోజూ చూసేది తల్లి కాబట్టి తల్లిని మాత్రమే పంపడం రెండూ సరిపోవు. పేరెంట్స్ మీటింగ్ రోజున కాదు, ఆ రోజు వరసలో వెనక ఇరవై మంది ఉంటారు. మామూలు రోజు, లంచ్ తర్వాత. సగం బడుల్లో మొదట వచ్చే మాట ఇది: "అందరికీ ఒక్కటే రూల్ సార్. మీ వాడికిస్తే రేపు ఇంకో నలుగురొస్తరు." వాదించకండి. "రానివ్వండి మేడం, వాళ్లకు కూడా డాక్టరు ఉత్తరం ఉంటే ఇద్దురు. కళ్లద్దాలు కొందరికే ఉంటయి కదా" అనండి. "ఇంట్లో గారాబం చేసిన్రు" అన్న మాటా వస్తుంది. అప్పుడు రెండు వారాలు మీరు రాసిన పుస్తకం బల్ల మీద పెట్టండి. చిల్లు పడిన ఆ పేజీ కూడా.

కొట్టడం, మోకాళ్ల మీద నిలబెట్టడం, క్లాసు బయట నిలబెట్టడం వేరే సంగతి. అది సౌకర్యాల బేరం కిందికి రాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ, మానసిక వేధింపునూ రెంటినీ నిషేధించింది. దాని గురించి మీరు ప్రాధేయపడనక్కర్లేదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098.

ప్రభుత్వ బడిలో చదివించేవాళ్లకు ప్రైవేటు బడిలో లేనిది ఒకటుంది. సమగ్ర శిక్ష కింద మండలానికొక భవిత కేంద్రం, అందులో ప్రత్యేక అవసరాల పిల్లలతో పనిచేసే ఐఈఆర్‌పీలు. అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చే ఆర్‌బీఎస్‌కే డాక్టర్ల బృందం చూడాల్సిన వాటిలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. ఎంఈఓ ఆఫీసుకు పోయి భవిత కేంద్రం ఎక్కడని అడగండి. ప్రైవేటు బడి ఉత్తరానికి జవాబివ్వకుండా నెలలు గడిపితే ఎంఈఓకు, తర్వాత డీఈఓకు అదే ఉత్తరం కాపీతో రాయండి. అక్కడా కాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ ఉన్నారు. ఒక్కో మెట్టూ కాగితం మీదే ఎక్కండి, ఫోన్ల మీద కాదు.

పదో తరగతికి ఏడాది ముందే మేలుకోవాలి. పబ్లిక్ పరీక్షల్లో సౌకర్యాలు బడి తనంతట తాను ఇవ్వలేదు, ప్రధానోపాధ్యాయుడి ద్వారా బోర్డుకు వెళ్లాలి. నామినల్ రోల్స్ పంపేటప్పుడు మెడికల్ కాగితం చేతిలో లేకపోతే మార్చిలో ఎంత బతిమాలినా లాభం లేదు. రాసే ఇబ్బంది ఉండి నలభై శాతం లేనివాళ్ల కోసం కేంద్రం 2022 ఆగస్టు 10న ఇచ్చిన మార్గదర్శకాల్లో గంటకు 20 నిమిషాలు అదనపు సమయం అని ఉంది, అంటే మూడు గంటల పేపరుకు ఒక గంట. దానికి ప్రభుత్వ వైద్యాధికారులు నిర్ణీత నమూనాలో సర్టిఫికెట్ ఇవ్వాలి. అదనపు గంట మంజూరైతే, ఓసీడీ ఆ గంటను తినేయకుండా తొమ్మిదో తరగతి ఎస్ఏ పరీక్షల్లోనే సాధన చేయించండి. మంజూరు కాగితం కాపీ హాల్‌టికెట్‌తో పాటు పిల్లాడి జేబులో ఉండాలి. 2021 నీట్ రాసిన అవ్నీ ప్రకాశ్ అనే అమ్మాయికి డిస్‌గ్రాఫియా అనే రాసే ఇబ్బంది ఉంది. ఆమెకు రావలసిన అదనపు గంటను పరీక్ష కేంద్రంలో ఇవ్వలేదు, మూడు గంటలు కాగానే పేపరు లాక్కున్నారు. ఆ నవంబరులో సుప్రీంకోర్టు ఆమె హక్కును ఒప్పుకుని, జరిగిన అన్యాయాన్ని సరిచేసే మార్గం చూడమని పరీక్ష పెట్టిన సంస్థను ఆదేశించింది గానీ, పరీక్ష మళ్లీ పెట్టించలేదు. నిబంధన ఉండటం వేరు, హాల్లో నిలబడిన ఇన్విజిలేటరుకు అది తెలియడం వేరు. మొదటి రోజు పొద్దున చీఫ్ సూపరింటెండెంటును కలిసి కాగితం చూపించే పని మీదే.

ప్రతి జూన్‌లో క్లాస్ టీచరు మారతారు. పాత ఉత్తరం కొత్త టీచరు దాకా తనంతట తాను పోతుందని అనుకోవద్దు. పనిచేసినవి ఉంచి, అక్కర్లేనివి తీసేసి, కొత్త తేదీతో మళ్లీ ఇవ్వండి. ఇంటర్మీడియట్‌కు వాడపల్లి వంతెన దాటి గుంటూరుకో విజయవాడకో పంపాలనుకుంటే, రాష్ట్రం మారింది కదా అని వైకల్య సర్టిఫికెట్ మళ్లీ మొదటినుంచి చేయించనక్కర్లేదు. ఒక రాష్ట్రంలో ఇచ్చింది దేశమంతా చెల్లుతుందని దివ్యాంగుల హక్కుల చట్టంలోని 58వ సెక్షన్ చెబుతుంది. కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో చేర్చేటప్పుడు ఫీజు కట్టకముందే ప్రిన్సిపాల్‌తో పాటు వార్డెన్‌ను కూడా కలవండి. పొద్దున ఐదింటికి స్టడీ అవర్ గంట కొట్టినప్పుడు బాత్‌రూమ్ తలుపు ముందు నిలబడేది ఆయనే.